తొండి అన్న మాట, రుజువు అన్న బరువు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వీడియో గేముల్లో మోసం గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకుల్లో ఒకరు కాస్త మొహమాటంగానే అడిగారు. వరకట్నం కేసులున్నాయి, ఆస్తి హక్కు ఉంది, పనిచేసేచోట వేధింపులున్నాయి, ఇన్ని పెట్టుకుని పిల్లలాడుకునే ఆటల మీద ఉపన్యాసం ఎందుకండీ అని. న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు ఇది. ఒక ఆడపిల్ల బాగా ఆడి గెలిచిందనుకోండి. ఆ గెలుపు తనదేనని ఆమె ఎవరికి రుజువు చెయ్యాలి, ఏ రకంగా చెయ్యాలి, ఎన్నిసార్లు చెయ్యాలి? ఇది మనం పొలంలో, ఆఫీసులో, పోలీస్ స్టేషన్లో, కోర్టులో పదేపదే ఎదుర్కొన్న ప్రశ్నే. ఇప్పుడు అదే ప్రశ్న మన పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్లలోకి వచ్చి కూర్చుంది.

ముందు ఈ మోసం ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. మనలో చాలామందిమి చిన్నప్పుడు అష్టాచెమ్మా ఆడినవాళ్లమే. గవ్వలు నేలమీద పడతాయి. నాలుగు పడిందా, ఎనిమిది పడిందా చుట్టూ కూర్చున్నవాళ్లంతా చూస్తారు. ఎవరైనా గవ్వని వేలితో తిప్పితే 'తొండి, తొండి' అని గోల చేస్తాం. తొండి అన్న పిల్లకీ, అనిపించుకున్న పిల్లకీ సాక్ష్యం ఒకటే, ఎదురుగా ఉన్న గవ్వలు. తగువు అక్కడికక్కడే తేలిపోతుంది. తేలకపోతే అరుగుమీద కూర్చున్న నాయనమ్మ తేలుస్తుంది.

ఆన్‌లైన్ ఆటలో అందరూ చూసే ఆ నేల లేదు. పదిమంది పది ఊళ్లలో పది యంత్రాల ముందు కూర్చుంటారు. ఆట నడిపే కంపెనీ సర్వర్ ఎక్కడో ఉంటుంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి తుపాకి ఎటు తిరిగి ఉంది అన్న సమాచారం అక్కడి నుంచి ప్రతివాళ్ల యంత్రానికీ క్షణక్షణమూ వస్తూనే ఉంటుంది. రాకపోతే తెరమీద బొమ్మ కదలదు. గోడ వెనక దాక్కున్న శత్రువు నా కంటికి కనిపించకపోవచ్చుగానీ, చాలా ఆటల్లో అతనెక్కడున్నాడో నా యంత్రానికి తెలిసే ఉంటుంది. ఆ సమాచారాన్ని బయటికి లాగి చూపించే దొంగ ప్రోగ్రామును వాల్‌హాక్ అంటారు. నా బదులు తనే గురి చూసిపెట్టే ప్రోగ్రాము ఎయిమ్‌బాట్. వీటిని నెలకింతని చందా కట్టి కొనుక్కుంటారు, అమ్మేవాళ్లకి అదొక నిఖార్సయిన వ్యాపారం. ఇంకొక రకం ఉంది, బూస్టింగ్. ఒకరి అకౌంటులో మరొకరు ఆడి ర్యాంకు తెచ్చిపెట్టడం. పరీక్ష హాల్లో ఒకరి బదులు మరొకరు కూర్చుని రాసినట్టన్నమాట.

ఏది మోసమన్న దాని మీద ఆటగాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. మియా కన్సాల్వో అనే పరిశోధకురాలు 2007లో వీడియో గేముల్లో మోసం మీద ఒక పుస్తకం వేసింది. ఆట గురించి ఎవరో రాసిన సలహాలు చదవడమే తొండి అనేవాళ్లూ ఆమెకి కనిపించారు, ఎదుటి మనిషికి నష్టం జరిగితేనే తొండి అనేవాళ్లూ కనిపించారు. గీత ఎక్కడ గీయాలన్నది ఆటగాళ్ల మధ్య బేరసారాల వ్యవహారం. గీత గీసే అధికారం అందరికీ సమానంగా ఉందా అన్నది నేను దానికి జోడిస్తున్న ప్రశ్న.

మోసం వల్ల నష్టం లేదని నేనడం లేదు. ఈ ఆటల్లో ఇప్పుడు జీతాలున్నాయి, ప్రైజ్ మనీ ఉంది, స్పాన్సర్లున్నారు. దక్షిణ కొరియాలో ఇది ఎంత పెద్ద విషయమంటే 2016 డిసెంబరులో చట్టం సవరించి, హాక్ ప్రోగ్రాములు తయారుచేసి పంచేవాళ్లకి అయిదేళ్ల దాకా జైలు, లేదా అయిదు కోట్ల వాన్ల దాకా జరిమానా పెట్టారు. డబ్బు తీసుకుని బూస్టింగ్ చేసేవాళ్లని శిక్షించే చట్టం 2018లో చేశారు, 2019 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశానికి చెందిన ఉదాహరణ కూడా ఉంది. 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ పోటీలో ఆప్టిక్ ఇండియా జట్టు ఆటగాడొకడు ఎయిమ్‌బాట్‌తో పట్టుబడ్డాడు. ఆ ఫైలు పేరు 'వర్డ్.ఎక్స్ఈ'. అనుమానం రాకుండా ఆఫీసు పనికి వాడే ప్రోగ్రాము పేరు తగిలించుకున్నాడు. నిర్వాహకులు యంత్రం పరీక్షించడానికి వస్తే చెరిపేయడానికి చూశాడు. జట్టు మొత్తం రద్దయింది. ఏ తప్పూ చెయ్యని మిగతావాళ్లు కూడా రోడ్డున పడ్డారు. అతన్ని అయిదేళ్లపాటు నిషేధించారు.

అక్కడ విచారణ జరిగిన తీరు చూడండి. అధికారం ఉన్నవాళ్లు యంత్రాన్ని పరీక్షించారు, ఫైలు దొరికింది, శిక్ష పడింది. ఇదొక పద్ధతి. రెండేళ్ల ముందు, 2016లో, కొరియాలో జరిగింది వేరు.

ఓవర్‌వాచ్ అనే ఆట ఆ సంవత్సరం మే నెలలో విడుదలైంది. కిమ్ సె-యాన్ అనే 17 ఏళ్ల అమ్మాయి దాన్ని 'గెగురి' అనే పేరుతో ఆడేది. కొరియన్ భాషలో గెగురి అంటే కప్ప. ఆమె ఎక్కువగా ఎంచుకునే పాత్ర జార్యా. కథ ప్రకారం ఆ పాత్ర బరువులెత్తే రష్యన్ స్త్రీ, కండలు తిరిగిన మనిషి. ఆ పాత్రతో గెగురి 80 శాతం ఆటలు గెలిచేది. జూన్‌లో ఒక పోటీ అర్హత దశలో ఆమె జట్టు చేతిలో ఓడిన జట్టువాళ్లు ఆ గురి మనిషి గురి కాదన్నారు, ఎయిమ్‌బాట్ పెట్టిందన్నారు. ఆమె మోసగత్తె కాదని తేలితే మేం వృత్తి ఆట మానేస్తామని ఇద్దరు శపథం కూడా చేశారు. తమ స్పాన్సర్లకి ఏమన్నా ఇబ్బంది వస్తే కత్తి పట్టుకుని ఆమె ఇంటికి వెళ్తానన్న దాకా వెళ్లింది వ్యవహారం.

ఆట తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీ విచారించి, మోసం జరిగిన ఆధారమేదీ లేదని చెప్పింది. న్యాయంగా అయితే అక్కడితో ముగిసిపోవాలి. ముగియలేదు. ఆ అమ్మాయి ఇన్వెన్ అనే గేమింగ్ మీడియా సంస్థ స్టూడియోకి వెళ్లి, అందరూ చూస్తుండగా, తన చేతుల మీదా మౌస్ మీదా కెమెరా పెట్టించుకుని ఆడాల్సి వచ్చింది. ఆడింది. చేతి కదలికా తెరమీద గురీ సరిపోయాయి. నింద వేసిన ఆ ఇద్దరూ మాట ప్రకారం తప్పుకున్నారు.

ఈ కథని విజయగాథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఎప్పుడు చదివినా గుండెలో కలుక్కుమంటుంది. సాక్ష్యం చూపాల్సింది నింద వేసినవాడు. ఇక్కడ నింద పడ్డ 17 ఏళ్ల పిల్ల తన చేతుల్ని ప్రదర్శనకి పెట్టింది. అందరూ సీత అగ్నిప్రవేశం అంటారు, ఆ పోలిక ఎంత అరిగిపోయినా ఇక్కడ పనికొస్తుంది. ఎందుకంటే అందులో మనం మరిచిపోయే భాగం ఒకటుంది. సీత నెగ్గింది, అయినా ఊళ్లో మాట ఆగలేదు. (ఆ మాట అనడానికి కథ ఒక చాకలిని ఎంచుకోవడంలో ఉన్న కులం సంగతి మరోసారి మాట్లాడుకుందాం.) గెగురి విషయంలోనూ అంతే. 2018 జనవరిలో ఓవర్‌వాచ్ లీగ్ 12 జట్లతో మొదలైంది. ఒక్క స్త్రీ కూడా లేదు. గెగురిని ఎందుకు తీసుకోలేదని విలేఖరులు అడిగితే జట్ల యాజమాన్యాలు చెప్పిన కారణాలు వినండి: ఆటగాళ్లంతా ఒకే ఇంట్లో ఉంటారు, అమ్మాయిని ఎక్కడ పెట్టాలి, భాష సమస్య, తీసుకుంటే ప్రచారం కోసం తీసుకున్నారంటారు. రాత్రి షిఫ్టులో ఆడవాళ్లని ఎందుకు పెట్టుకోరని అడిగినప్పుడు ఫ్యాక్టరీ మేనేజర్లు మనకి చెప్పిన కారణాలకీ వీటికీ ఏమన్నా తేడా ఉందా? విడిగా ఒక గది కేటాయిస్తే తీరిపోయే సమస్య.

ఆ ఫిబ్రవరిలో షాంఘై డ్రాగన్స్ జట్టు ఆమెని తీసుకుంది. లీగ్‌లో ఆడిన మొదటి స్త్రీ ఆమే. ఆమె చేరినా ఆ జట్టు ఆ సీజన్లో ఆడిన 40 మ్యాచులూ ఓడిపోయింది, ఆ మాట కూడా చెప్పాలి. మన ఉద్యమాల్లో ఒక అలవాటు ఉంది, అన్యాయానికి గురైన స్త్రీ అసాధారణురాలైతే తప్ప ఆమె గురించి మాట్లాడం. మామూలుగా ఆడే అమ్మాయికి కూడా నింద నుంచి రక్షణ ఉండాలి కదా. ఇంకో సంగతి. సియోల్‌లో 2017 జనవరిలో జరిగిన మహిళా ప్రదర్శనలో గేమ్స్ ఆడే స్త్రీవాదులు ఓవర్‌వాచ్‌లోని డి.వా అనే పాత్ర గుర్తుతో జెండా పట్టుకుని నడిచారు. గెగురికి వాళ్ల మద్దతు ఉండేది. ఆమె మాత్రం తనని స్త్రీల ప్రతీకగా చూడొద్దు, ఆటగత్తెగా చూడండి అంది. ఈ మాటకి నొచ్చుకున్న మిత్రులున్నారు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? మన జెండా మొయ్యమని ఆమెని ఎవరడిగారు?

ఈ అనుమానం కేవలం ఆ ఇద్దరు కుర్రాళ్ల ఓర్వలేనితనమా? అలా అనుకుంటే తేలిగ్గా ఉంటుంది. హేలో 3 అనే ఆటలో కుజ్‌నెకాఫ్, రోజ్ అనే ఇద్దరు పరిశోధకులు ముందుగా రికార్డు చేసిన మాటల్ని ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో వినిపిస్తూ ఆడారు. మాటలవే. ఆడ గొంతుకి దాదాపు మూడు రెట్లు ఎక్కువ చెడ్డ వ్యాఖ్యలు వచ్చాయి. ఆ సమాచారాన్నే మళ్లీ పరిశీలించిన 2015 నాటి వ్యాసం ఇంకా ఆసక్తికరమైనది. బాగా ఆడే మగవాళ్లు ఆడ గొంతుతో మామూలుగానే ఉన్నారు. ఆటలో వెనకబడ్డవాళ్లే విరుచుకుపడ్డారు. పితృస్వామ్యం పైమెట్టు మీద ఉన్నవాడికంటే కిందకి జారుతున్నవాడి నోట్లోంచి గట్టిగా మాట్లాడుతుందని ఊళ్లలో పనిచేసే మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక స్త్రీలకి సహజంగానే నైపుణ్యం తక్కువ అనే వాదన ఉంది. ఒక అమెరికన్ ఆటలోనూ ఒక చైనీస్ ఆటలోనూ ఆటగాళ్ల రికార్డులు పరిశీలించిన 2016 నాటి అధ్యయనంలో స్త్రీలూ మగవాళ్లంత వేగంగానే పైస్థాయికి చేరుతున్నారని తేలింది. ఆ వాదనకి అంతకు మించి సమయం ఇవ్వను.

గెలిచిన స్త్రీని అనుమానించే అలవాటు ఈ తెరల మీద పుట్టింది కాదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచిన శాంతి సౌందరరాజన్ పతకాన్ని లింగ పరీక్ష పేరుతో లాక్కున్నారు. ఆమె మందేమీ వాడలేదు, ఎవరినీ మోసం చెయ్యలేదు. 2014లో ద్యుతీ చంద్‌ని కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు, శరీరంలో సహజంగా ఉన్న హార్మోనే ఆమె నేరం. ఆమె పోరాడింది, 2015 జులైలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం ఆ నిబంధనని నిలిపేసింది. తర్వాత మన హైదరాబాదులోనే శిక్షణ తీసుకుంది. మైదానంలో రక్తం పరీక్షిస్తారు, తెరమీద చేతులు పరీక్షిస్తారు. మగవాడి గెలుపుకి అతని సాధన చాలిన కారణం.

ఇంతవరకూ నేను చెప్పినదానికి మీరందరూ తల ఊపుతున్నారు. ఇప్పుడు ఇబ్బందికరమైన కేసు చెబుతాను. 2018 చివర్లో అమెరికాలో 'ఎల్లీ' అనే పేరుతో ఓవర్‌వాచ్ ఆడే ఒకరిని సెకండ్ విండ్ అనే జట్టు తీసుకుంది. ఎల్లీ ముఖం ఎవరూ చూడలేదు. ఆడది కాదు, వెనకాల ఎవడో మగవాడు ఆడుతున్నాడని అనుమానాలొచ్చాయి. అసలు పేరు బయటపెట్టమన్నారు, మేమే బయటపెడతామని బెదిరించారు. 2019 జనవరిలో ఎల్లీ తప్పుకుంది. మనలాంటివాళ్లంతా మళ్లీ ఒక ఆడపిల్లని తరిమేశారని బాధపడ్డారు. కొద్దిరోజులకే అసలు సంగతి బయటపడింది. ఎల్లీ అనే మనిషి లేదు. అనుభవం ఉన్న ఒక మగ ఆటగాడు కల్పించిన వేషం అది. సామాజిక ప్రయోగం కోసం చేశాడని చెప్పుకొచ్చారు.

అంటే ఆ ఒక్కసారి అనుమానించినవాళ్లే గెలిచారు. ఈ కేసుని దాటేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే రేపు మనం ఎక్కడ మాట్లాడినా దీన్నే ఎదురు పెడతారు. నేను ఇందులో చూసేది రెండు. ఆ వేషానికి మూల్యం చెల్లించేది దాని తర్వాత వచ్చే నిజమైన అమ్మాయి, 'నువ్వూ ఎల్లీవేమో, ముఖం చూపించు' అని అడుగుతారు ఆమెని. రెండోది, కంపెనీ తన విచారణ తను చేసి ఆ అకౌంటు ఎవరిదో తేల్చగలిగింది. దానికి ఎవరి ముఖమూ, ఎవరి ఇంటి చిరునామా బజార్లో పెట్టనక్కర్లేకపోయింది. గుంపు పీకల మీద కూర్చుని అడిగిన రుజువు మొదటినుంచీ కంపెనీ రికార్డుల్లో దొరికే రుజువే. ఇదే మనం పట్టుకోవాల్సిన కొస అని నా అభిప్రాయం. మోసమా కాదా అన్నది ఆట రికార్డుల్లోంచి తేల్చాలి, తేల్చే బాధ్యత ఆటమీద డబ్బు చేసుకుంటున్న కంపెనీది. స్త్రీల మీద నిందలన్నీ అబద్ధమని మనం వాదించనక్కర్లేదు. మోసం చేసే అమ్మాయిలూ ఉంటారు. వాళ్లకి కూడా పద్ధతి ప్రకారం విచారణ జరగాలనే అడుగుతాం.

ఇక మన ఊళ్ల సంగతి. హాస్టళ్లలో ఉండి చదువుకునే అమ్మాయిలతో మాట్లాడుతుంటాను. ఫోన్లో ఆటలాడేవాళ్లు చాలామందే ఉన్నారు. మగపేరు పెట్టుకుంటారు, మైకు కట్టేసుకుంటారు. మైకు లేకపోతే జట్టుగా ఆడడం కష్టం, వాళ్లకీ తెలుసు. పొరపాటున గొంతు వినిపించి, ఆ రోజు బాగా ఆడితే వచ్చే ప్రశ్న ఒకటే: "ఫోను మీ అన్నకిచ్చావా?" కొరియాలో యంత్రం ఆడిందన్నారు, ఇక్కడ అన్న ఆడాడంటున్నారు.

ఈ అన్న ప్రశ్న వెనక ఒక భౌతిక వాస్తవం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన స్త్రీలు 33 శాతం, మగవాళ్లు 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతం, తెలంగాణలో 26 శాతం పైచిలుకు. ఆ తర్వాత పరిస్థితి కొంత మారిందిగానీ, ఇంట్లో ఒక ఫోన్ ఉంటే అది ముందు ఎవరి చేతికి వెళ్తుందన్నది మారలేదు. నాతో మాట్లాడిన ఒక అమ్మాయి వాళ్ల తమ్ముడు ఇంట్లో ఉన్న ఒకే ఫోన్లో హాక్ ఫైలు దించుకున్నాడు. వాడి అకౌంటుతో పాటు ఆ ఫోన్‌నే ఆట నుంచి నిషేధించారు. ఆమె రెండేళ్లు ఆడి సంపాదించుకున్న ర్యాంకు ఇక తెరుచుకోలేదు. వాడు నెల తిరక్కుండా నాన్నచేత కొత్త ఫోన్ కొనిపించుకున్నాడు. మోసగాళ్లు కొత్త అకౌంట్లతో మళ్లీ వస్తున్నారని కంపెనీలు ఫోన్‌కే శిక్ష వేసే పద్ధతికి మళ్లాయి. బీజీఎంఐ నడిపే క్రాఫ్టన్ 2021 డిసెంబరులోనే దాన్ని ప్రకటించింది. వాళ్ల వైపు నుంచి చూస్తే సబబే. ఒక మనిషికి ఒక ఫోన్ ఉంటుందన్నది ఆ నిబంధన వెనక ఉన్న ఊహ. ఫోన్ పంచుకునే ఇళ్లలో శిక్ష ఎవరిమీద పడుతుందో ఆ ఊహలో లేదు. రేషన్ కార్డు ఇంటి పెద్ద పేరున ఉన్నన్నాళ్లూ మనం చేసిన వాదనే ఇది.

హాక్ ఫైళ్లతో ఇంకొక ప్రమాదం ఉంది. అవి తెలియనిచోటు నుంచి దించుకునే ఫైళ్లు. ఫోన్‌లో ఉన్న ఫోటోలూ బ్యాంకు సందేశాలూ లాక్కునే ప్రోగ్రాములు వాటి వెంట వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆ ఫోన్‌లో అమ్మ ఫోటోలుంటాయి, డ్వాక్రా గ్రూపు లెక్కలుంటాయి. సంఘాల సమావేశాల్లో ఈ ఒక్క ముక్కయినా చెప్పండి. మరోపక్క, మోసాన్ని పట్టుకునే ప్రోగ్రాములు కూడా యంత్రం లోలోపలికి చొరబడుతున్నాయి. 2020లో వాలరంట్ ఆటతో వచ్చిన వాన్‌గార్డ్ కంప్యూటర్ ఆన్ చెయ్యగానే తనూ మొదలవుతుంది, యంత్రంలో అన్నిటికంటే లోపలి పొరలో కూర్చుంటుంది. మోసం ఆపడానికే కావచ్చు. ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్లో ఒక కంపెనీకి అంత చోటు ఇవ్వడానికి ఎవరు ఒప్పుకున్నారు? ఆట దించుకున్న పిల్లవాడు 'సరే' అని నొక్కాడు, అంతే.

చివరగా చట్టం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పందెం ఆటల్ని నిషేధించింది. రమ్మీ అప్పుల్లో మునిగిన ఇళ్లని చూసిన మనం దాని గురించి విడిగా చాలా మాట్లాడుకోవాలి. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని పోటీ క్రీడగా గుర్తించింది. క్రీడ అంటే మనకి ఒక పాత దారి దొరుకుతుంది. పనిచేసే ప్రదేశాల్లో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం 'పని ప్రదేశం' నిర్వచనంలో క్రీడా సంస్థలనీ, స్టేడియంలనీ, పోటీలు జరిగే వేదికలనీ కూడా చేర్చింది. మనలో చాలామంది ఆ వాక్యాన్ని వాడినట్టు లేదు. ఈ-స్పోర్ట్స్ పోటీ హాల్లో జరిగితే అది వేదికే. ఇళ్లలోంచి ఆడే పోటీకి కూడా ఆ నిర్వచనం వర్తించాలని మనం వాదించాలి. పోటీ నిర్వాహకులు ఫిర్యాదుల కమిటీ వెయ్యాలి. మోసం ఆరోపణ వస్తే రాతపూర్వకంగా తీసుకుని ఆట రికార్డులు చూసి తేల్చాలి, తేలేదాకా పేరు బయటపెట్టకూడదు. ముఖం, గొంతు, ఇంటి చిరునామా రుజువుగా అడగకూడదు. ఫోన్ మీద నిషేధం పడ్డప్పుడు అదే ఫోన్ వాడే రెండో మనిషి అప్పీలు చేసుకునే వీలుండాలి.

వీటితో ఒక వినతిపత్రం ముసాయిదా రాసి తెచ్చాను. లాయరు మిత్రులు 2013 చట్టం గురించిన పేరాని ఒకసారి జాగ్రత్తగా చూడాలి, అక్కడ భాష ఇంకా గట్టిగా ఉండాలనిపిస్తోంది. భోజనాల తర్వాత దాన్ని ముందేసుకుని కూర్చుందాం. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.